పడమటి కిటికీకి నల్లబట్ట

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి రాస్తున్నాను. శామీర్‌పేటలో టీచరమ్మ ఇంటి పడమటి కిటికీకి ఆ నల్లబట్ట పడడానికి కారణం మా నాయిన చెయ్యి కాదు, నా కళ్ళు. వరసగా రెండు ఆదివారాలు నా కళ్ళు అబద్ధం ఆడాయి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మకు చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు, ఏ రోజుకారోజు రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు. మూడో ఆదివారం పేజీలో "పుస్తకం అయిపోయింది" అన్న రెండే మాటలున్నాయి. వినవలసిన మనిషి లేకుండా పోయాక రాస్తున్నాను. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

నాయిన పోయి నాలుగు నెలలైంది. పోయిన వారం అమ్మ అల్మరా ముందు నిలబడి, "అన్ని తీసిన గని ఆ అడుగు అర నాతోని కాదు. నువ్వే తియ్యి బిడ్డా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అడుగు అరలో పాత దుప్పట్లో చుట్టిన నాయిన శాంపిల్ ముక్కల కట్ట ఉంది. అరచేతి వెడల్పు బట్టముక్కలు, మూలన చిల్లు పొడిచి పురికొసకు గుచ్చినవి. మొదట్లో గళ్ళ నూలు, ముతక జనపనార, అస్తరు బట్ట. పోనుపోను వెనక తెల్లపూత ఉన్నవి, వెండిరంగు పూత ఉన్నవి, జల్లెడలా సన్నటి కన్నులున్న ప్లాస్టిక్ నేతలు. ప్రతి ముక్క వెనకా బాల్‌పెన్నుతో నాయిన ఏదో రాసుకునేవాడు. ఇన్నేళ్ళూ అవి కిటికీల కొలతలే అనుకున్నాను. కావు. ఎవరి ఇల్లు, కిటికీ ఏ దిక్కు, దాని కింద రెండు మాటలు. "చెయ్యి: సల్లగ. పిల్ల: సల్లగ." ఇంకోదాని మీద, "చెయ్యి: వేడి. పిల్ల: కొడ్తాంది." పిల్ల అంటే నేను, కొడ్తాంది అంటే వెలుగు కళ్ళల్లో కొడుతోందని. ఒక్కొక్కటే తిప్పుతూ పోతుంటే నల్లముక్క అంచు కనిపించింది. కట్ట మూసేశాను. మళ్ళీ తెరవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

చిన్నప్పుడు మేము మేడ్చల్‌లో, రైల్వే స్టేషన్‌కు పోయే సందులో ఉండేవాళ్ళం. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. ముందుగదిలో అమ్మ కుట్టుమిషను, దాని చుట్టూ పరదా బట్టల తాన్లు, మిషను నూనె వాసన, కొత్తబట్ట గంజి వాసన. ఎండాకాలం వస్తే వాటన్నిటినీ వట్టివేళ్ళ వాసన మింగేసేది. మా తాత వట్టివేళ్ళ తడకలు కట్టేవాడట. ఆయన పోయాక కూడా ఇంటి పడమటి కిటికీకి బయట ఒక తడక వేలాడుతూనే ఉండేది. దానికి నీళ్ళు చల్లడం అవ్వ పని. గడియారం చూసేది కాదు. ఎండ గడప మీది ఒక గీత దాకా రాగానే చెంబు పట్టుకుని లేచేది. తడిసిన తడకలోంచి గాలి వచ్చినప్పుడు అమ్మ మిషను ఆపి ఒక నిమిషం కళ్ళు మూసుకునేది. ఆ ఒక్క నిమిషమే మా ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడని సమయం. మిగతా పొద్దంతా అవ్వ నోరూ మిషనూ పోటీ పడేవి.

"వేడిని బయటనే ఆపాలె. అద్దం దాటి లోపలికొచ్చిన వేడి ఇగ సుట్టం లెక్క. పొమ్మంటే పోదు" అనేవాడు నాయిన. కానీ అద్దాల ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు బయట తడక వేలాడదీస్తే ఇంటి అందం పోతుందనేవాళ్ళు. అందుకని నాయిన లోపల వేసే బట్టల గురించి కొత్తగా నేర్చుకున్నాడు. తెల్లబట్ట వేడిని వెనక్కి తోస్తుంది గానీ ఎండ పడితే తనే వెలిగి కళ్ళల్లో కొడుతుంది. నల్లబట్ట కళ్ళకు హాయి, దాని కన్నుల్లోంచి బయటి చెట్టు కూడా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ ఎండనంతా తాగి గదిలోకి వదులుతుంది. వెలుగును ఆపడం వేరు, వేడిని ఆపడం వేరు. ఈ రెంటి మధ్య ఏ కిటికీకి ఆ కిటికీకి వేరుగా తేల్చుకోవాలి. పరదా కావాలని వచ్చినవాళ్ళు సోఫా రంగు చెప్పేవాళ్ళు. నాయిన మాత్రం ముందు ఒకటే అడిగేవాడు. "ఈ కిటికీ కాడ ఎవరు కూసుంటరమ్మా? కూసొని ఏం జేస్తరు?" ఆయనకు అమ్మడం రాదని అమ్మ విసుక్కునేది.

ఆయన పద్ధతి ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఎండ కిటికీ మీదికి వచ్చే వేళకు వెళ్ళి, బట్టను క్లిప్పులతో అద్దానికి వేలాడదీసేవాడు. గదివైపు నిలబడి, కుడిచేతి వెనకభాగాన్ని బట్టకు జానెడు దూరంలో పెట్టి కళ్ళు మూసుకునేవాడు. అరచేతికి పనిచేసి పనిచేసి తోలు మందమైందని, చేతి వెనకభాగానికే నిజం తెలుస్తుందని అనేవాడు. అది వేడి సంగతి. వెలుగు సంగతికి నేను. ఆదివారం నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని పోయేవాడు. ఆ ఇంటివాళ్ళు కూర్చునే చోటే నేను కూర్చుని, వెంట తెచ్చుకున్న పుస్తకం చదువుకోవాలి. అంతే. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. నాయిన బట్టలు మార్చుతూ నా మొహం చూసేవాడు. నేను కళ్ళు చిట్లిస్తే ఆ బట్ట పక్కకు పోయేది. చుట్టాలొస్తే తలుపు చాటుకు పోయే నాకు, ఎవరూ ఏమీ అడగకుండా పనికొచ్చిన చోటు అదొక్కటే.

"పెద్దోళ్ళు మర్యాదకు మంచిగుందంటరు. నా బిడ్డ మాట్లాడదు గదా, దాని మొఖమే జెప్తది" అని ఇంటివాళ్ళతో అనేవాడు. ఆ మాట ఇంట్లో కూడా అన్నప్పుడు అవ్వ తడక దగ్గరినుంచే అందుకునేది. "గుడ్డపేలికకు గిన్ని పరీక్షలేందిరా? సంబంధం జూస్తున్నవా ఏంది? రేపు పిల్లకు మొగణ్ణి తెచ్చేటప్పుడు గూడ గిట్లనే కిటికీకి ఏలాడదీసి జూడు." అమ్మ నవ్వు ఆపుకోలేక సూది విరగ్గొట్టుకున్న రోజులున్నాయి.

టీచరమ్మ ఇల్లు శామీర్‌పేట చెరువు కనిపించేంత దగ్గర. తోటలు చదును చేసి అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న కాలం. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరై కొడుకు దగ్గర ఉండేది. మేడ మీద పడమటి గది ఆమెది. అన్నం తిన్నాక అక్కడ పడక్కుర్చీలో కూర్చుని చదువుకోవడం తన అలవాటని, ఎండ వల్ల సాగడం లేదని చెప్పింది. ఆ గదిలోకి ఎండ రెండుసార్లు వచ్చేది. ఒకసారి ఆకాశం నుంచి, ఒకసారి చెరువు నీళ్ళ మీద పడి లేచి. కానీ నేను కిటికీని తర్వాత చూశాను. ముందు చూసింది గోడను. నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. ఒక ఇంట్లో అన్ని పుస్తకాలుంటాయని నాకు తెలియదు. "ఏది కావాలంటే అది తీసుకుని చదువుకో తల్లీ" అంది. లావుపాటి నవల ఒకటి తీసి ఆమె కుర్చీలో కూర్చున్నాను.

మొదటి ఆదివారం నాయిన వెనక తెల్లపూత ఉన్న లేత బట్ట వేలాడదీశాడు. చేతిని పెట్టి చూసి, "మంచిగున్నది" అని తనలో తను అనుకున్నాడు. నాకూ బాగానే ఉంది. నాయిన మిగతా గదుల కిటికీలు కొలిచి వచ్చేసరికి తొంభై పేజీలు చదివాను. అప్పుడు నాయిన నా వైపు తిరిగాడు. నా మొహం ప్రశాంతంగా ఉంటే పని అయిపోతుంది. వచ్చే ఆదివారం ఇంకో ఇల్లు. ఈ పుస్తకం ఇక్కడే, ఈ తొంభయ్యో పేజీ దగ్గరే ఉండిపోతుంది. అడిగితే టీచరమ్మ ఇంటికి ఇచ్చి పంపేది. ఇప్పుడు తలుచుకుంటే ఖాయంగా ఇచ్చేది. కానీ అడగాలంటే నోరు తెరవాలి. నోరు తెరవడం కన్నా కళ్ళు చిట్లించడం నాకు సులువనిపించింది.

నాయిన ఆశ్చర్యంగా లేతబట్ట తీసేశాడు. రెండో ఆదివారం బూడిదరంగు తెచ్చాడు. నవల సగానికి వచ్చింది. మళ్ళీ చిట్లించాను. "చెరువు ఎలుగు మస్తు కొడ్తున్నట్టుంది" అని నాయిన టీచరమ్మకు సర్దిచెప్పాడు. మూడో ఆదివారం నల్లబట్ట తెచ్చాడు. ఆ మధ్యాహ్నం నవల పూర్తయింది. ఆఖరి పేజీ మూసి తలెత్తాను. అంత మంచి పుస్తకం చదివి లేచిన మొహంలో ఏముంటుందో అదే ఉండి ఉంటుంది. నాయిన బట్ట ముందు చెయ్యి పెట్టి మామూలు కన్నా చాలాసేపు నిలబడ్డాడు. నా మొహం చూశాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. చివరికి, "సరే, పిల్లకు సల్లగుంది. గిదే ఏద్దాం" అన్నాడు.

ఎండలు ముదిరాక టీచరమ్మ ఇంటినుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజూ ఆదివారమే కావడంతో అలవాటుగా నన్ను ఎక్కించుకున్నాడు. గది తలుపు తెరవగానే ముఖానికి సెగ కొట్టింది. నల్లబట్ట తాగిన ఎండంతా దానికీ అద్దానికీ మధ్య నిలబడిపోయి, అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు పగిలింది. టీచరమ్మ పడక్కుర్చీ అప్పటికే కింది హాల్లోకి దిగిపోయి ఉంది. టీవీ పక్కన. ఆమె, ఆమె కొడుకు మా వెనకే మెట్లెక్కి వచ్చారు. కొడుకే ముందు అందుకున్నాడు.

"ఏందన్నా ఇది? గది అనుకున్నవా, రొట్టెల బట్టీ అనుకున్నవా? చెయ్యి పెట్టి జూస్తవని ఊరంతా జెప్తరు. గిదేనా నీ చెయ్యి?"

"ఊకో రా" అంది టీచరమ్మ. ఆమె మాటలో కోపం లేదు. జరిగింది చూసి బాధపడే మనిషి ఎలా అంటుందో అలా అంది. "మొదటి వారం తెచ్చిన లేత బట్టే బాగుండెనయ్యా. ఈ పిల్ల దాని వెనక తొంభై పేజీలు తలెత్తకుండా చదివింది. నేను మంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అప్పుడే అది వేసుంటే పోయేది."

నాయిన నా వైపు తిరిగాడు. నేను నేల చూశాను. గది నేలమీది రాళ్ళలో తెల్లటి చుక్కలుండేవి, ఎన్ని కనిపిస్తే అన్ని చూశాను. తర్వాత నాయిన గొంతు వినిపించింది.

"పిల్లదేం లేదమ్మా. నా చెయ్యే మొద్దువారింది. వేడి తెలుస్తలేదు. తప్పు నాదే సార్."

తిరుగుదారిలో మోపెడ్ నడుపుతూ, మేడ్చల్ దగ్గరపడ్డాక, తల వెనక్కి తిప్పకుండానే, "ఆ పుస్తకం మంచిగుండెనా బిడ్డా?" అని అడిగాడు. "ఊఁ" అన్నాను. ఇంకేం అడగలేదు. ఎందుకడిగాడో అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నించలేదన్నది నిజం.

ఆ ఒక్క మాట నాయిన కన్నా ముందు ఊరు చుట్టింది. పగిలిన అద్దం సంగతి అయితే జనం మరిచిపోయేవాళ్ళేమో. పరదాలాయన తన చెయ్యి మొద్దుబారిందని తన నోటితోనే చెప్పుకున్నాడన్న సంగతి మరిచిపోలేదు. పిలిచేవాళ్ళు తగ్గారు. పిలిచినవాళ్ళు కూడా, "చెయ్యి గియ్యి వద్దులే, మేం చూసుకున్నం, గీ రంగు ఏసిపో" అనేవాళ్ళు. నాయిన మళ్ళీ బట్ట ముందు చెయ్యి పెట్టడం నేను చూడలేదు. ఆదివారాలు నన్ను మోపెడ్ ఎక్కమనడమూ మానేశాడు. అవ్వ కాలం చేసిన ఏడాది దుకాణం తీసేశాం. తడక సందులోనే చెత్తకుప్ప మీదికి పోయింది. పేట్ బషీరాబాద్‌లో అద్దెకు దిగాక నాయిన హైవే మీది ఒక పెద్ద షాపులో ఫిట్టర్‌గా చేరాడు. బట్ట ఇంకెవరో ఫోన్లో ఫొటో చూసి ఎంచుకునేవాళ్ళు. ఆయన గోడకు చిల్లులు పొడిచి బిగించి వచ్చేవాడు. సాయంత్రం వచ్చి, "ఇయ్యాల ఒక పడమటి కిటికీకి పాలతెలుపు పల్చటిది ఏసిన. అండ్ల పసిపిల్లను పండవెడ్తరంట" అని, అమ్మ వంక చూసి ఆగిపోయేవాడు. అది సరైన బట్ట కాదని చెప్పడానికి తనెవరని.

నేను దుండిగల్ వైపు ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. పుస్తకాల మధ్య ఉద్యోగం, మాట్లాడే పని తక్కువ. లైబ్రరీకి పడమర గోడంతా అద్దమే. నాలుగు దిక్కులకూ ఒకటే బూడిదరంగు రోలర్ బట్ట వేశారు. మధ్యాహ్నం రెండు దాటితే పిల్లలు కుర్చీలు నీడ వెంట జరుపుకుంటూ పోతారు. ఏసీ పొద్దంతా మూలుగుతూనే ఉంటుంది. ఏ కిటికీకి ఏ బట్ట వేస్తే ఆ పిల్లలు కదలకుండా చదువుకుంటారో నేను లోపలికి అడుగుపెట్టిన మొదటిరోజే చెప్పగలిగేదాన్ని. పరదాలు మారుద్దామని మీటింగు పెట్టినప్పుడు నన్నూ కూర్చోబెట్టారు. ఇక్కడ ఎవరు కూర్చుంటారు, ఏం చేస్తారు అని ఒక్కరు కూడా అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. మళ్ళీ అదే బూడిదరంగు తెప్పించారు. మా ఇంట్లో ఒక ముసలావిడ చెంబెడు నీళ్ళతో, ఒక మనిషి చేతి వెనకభాగంతో చేసిన పని ఇప్పుడు ఇన్ని యంత్రాలతోనూ కావడం లేదు. అది తెలిసీ చెప్పలేని మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నారు.

ఇంతలో నాయినకు షుగర్ ముదిరింది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు తిమ్మిరెక్కాయి. వేడి టీ గ్లాసు పట్టుకుని వేళ్ళు కాలినా తెలిసేది కాదు. అబద్ధంగా అన్న మాట అన్నేళ్ళకు నిజమై కూర్చుంది. అమ్మ కాలిన వేళ్ళకు మందు రాస్తుంటే, "నేను ఎన్నడో జెప్పిన గదా, చెయ్యి మొద్దువారిందని" అని నవ్వేవాడు. నేను పక్కగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. తర్వాత కళ్ళకు వచ్చింది. మనుషులు నీడల్లా కనిపించేవాళ్ళు, వెలుగు మాత్రం సూదుల్లా గుచ్చుకునేది. ఆయన మంచం ఉన్న గది పడమటిదే. హైవే అవతల కొత్తగా లేచిన అద్దాల బిల్డింగు మీద ఎండ పడి, నాలుగింటికి రెండో సూర్యుడిలా మా కిటికీలోకి వచ్చేది. తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకునేవాడు.

మూడు రోజుల తర్వాత కట్ట మళ్ళీ తెరిచానన్నాను కదా. నల్లముక్క వెనక నాయిన అక్షరాలున్నాయి. "టీచరమ్మ ఇల్లు. పడమర. చెయ్యి: వేడి. పిల్ల: సల్లగ." దానికి రెండు ముక్కల ముందున్న లేతముక్క వెనక, "చెయ్యి: సల్లగ. పిల్ల: కొడ్తాంది." ఆయన చెయ్యి మొదటి ఆదివారమూ సరిగ్గానే చెప్పింది, మూడో ఆదివారమూ సరిగ్గానే చెప్పింది. వేడి అని తెలిసీ నా మొహాన్ని నమ్మాడు. టీచరమ్మ తొంభై పేజీల మాట అనగానే ఆయనకు మొత్తం తెలిసిపోయింది. అంతమంది ముందు నన్ను నిలబెట్టకుండా తన చేతిని నిలబెట్టాడు. నల్లముక్క తర్వాత కట్టలో ఇంకో ఇరవై ముక్కలున్నాయి. వాటి వెనక ఏమీ రాసి లేదు.

ఆయన్ని హాస్పిటల్‌కు తీసుకుపోవడానికి ముందురోజు, నేను షాపు నుంచి మూడు బట్టలు తెచ్చాను. నాలుగింటికి, ఆ రెండో సూర్యుడు వచ్చే వేళకు, వెనక తెల్లపూత ఉన్న లేతబట్టను క్లిప్పులతో కిటికీకి వేలాడదీశాను. గది చల్లబడింది. నాయిన మొహం మీది తువ్వాలు తీశాడు. "చెయ్యి పెట్టి చూస్తవా నాయినా?" అన్నాను. "అది సచ్చిపోయింది గదా బిడ్డా. నువ్వే ఆ కుర్సీల కూసో. పుస్తకం తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం చదవలేదు. ఈరోజు చెప్పాలి అనుకున్నాను. "నాయినా, టీచరమ్మ ఇంట్ల ఆ లేతబట్ట..." దాకా వచ్చాను. మంచం మీది నుంచి చెయ్యి కొంచెం పైకెత్తాడు, ఆగమన్నట్టు. నేను ఆగిపోయాను. ఆగడం నాకు ఎప్పుడూ తెలిసిన పనే. అప్పటికి నా కళ్ళు నిండి ఉన్నాయి, నిజంగానే చిట్లించుకుని చూస్తున్నాను. కానీ నీడలు మాత్రమే కనిపించే మనిషికి అది కనిపించదు. "కొడ్తాందా?" అని అడిగాడు. "లే నాయినా. సల్లగున్నది" అన్నాను. తెల్లారేసరికి స్పృహ లేదు. గొంతులో పైపు వేశారు. మళ్ళీ మాట్లాడలేదు. ఆ బట్ట ఇప్పటికీ అవే క్లిప్పులకు వేలాడుతోంది, బిగించడానికి నాకు చేతులు రావడం లేదు. ఆ సాయంత్రం నేను సల్లగున్నదన్నాక ఆయన కళ్ళు మూసుకుని, తువ్వాలు పక్కన పెట్టేసి నాతో అన్నాడు:

"గట్లయితే గిదే ఏసెయ్ బిడ్డా. నా చెయ్యి తప్పు జెప్పింది గని, నీ కండ్లు ఎన్నడు తప్పు జెప్పలే."